మద్దిచెక్క తాగమన్నది నేనే

2023 ఏప్రిల్ మొదటివారం. అబూ హమూర్‌లో మా పాలీక్లినిక్ చిన్నదే. కింద ఫార్మసీ, పైన నాలుగు గదులు, ఆ చివర గది నాది. నర్సుగా అక్కడ చేరి అప్పటికి ఆరేళ్ళు, ఖతర్ వచ్చి పదేళ్ళు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాలుగైదు కంపెనీలతో మా క్లినిక్‌కి కాంట్రాక్టు ఉంది. క్యాంపుల నుంచి పనివాళ్ళు మినీ బస్సుల్లో దిగుతారు. అందులో సగం మంది మన తెలుగువాళ్ళే, అదీ ఎక్కువగా జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ వైపు వాళ్ళు. డాక్టరుగారు సూడాన్ ఆయన, పేరు మాహిర్. ఆయనకి తెలుగు రాదు, వీళ్ళకి ఇంగ్లీషు రాదు, మధ్యలో నేను. ఆయన అడిగింది వీళ్ళకి తెలుగులో చెప్పడం, వీళ్ళు చెప్పింది ఆయనకి ఇంగ్లీషులో చెప్పడం కూడా నా డ్యూటీయే.

నా నోరు కాస్త పెద్దది. తిడతాను, నవ్విస్తాను, మళ్ళీ తిడతాను. "సిస్టర్ తిట్టకపోతే రోగం తగ్గదు" అని క్యాంపుల్లో ఒక సామెత కూడా పుట్టిందట. అది విని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది మురిసిపోయే కథ కాదు. ఇన్నాళ్ళూ మావారికి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

గంగారాం ఆ ఏప్రిల్‌లో మొదటిసారి నా గదిలోకి వచ్చాడు. నలభై మూడేళ్ళు, జగిత్యాల దగ్గర పల్లె. పద్నాలుగేళ్ళు ఇక్కడే స్కాఫోల్డింగ్ పని చేశాడు. అంటే కట్టే బిల్డింగు చుట్టూ ఇనుప పైపులతో మెట్లూ చట్రాలూ బిగించే పని. చిన్నప్పుడెప్పుడో కీళ్ళజ్వరం వచ్చి గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. అది ఇన్నేళ్ళకి బయటపడి, పైకెక్కితే ఆయాసంతో కూలబడిపోయేవాడట. గవర్నమెంటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి లోహపు కవాటం అమర్చారు. కంపెనీవాళ్ళు దయతలచి టూల్స్ స్టోర్లో లైట్ డ్యూటీ ఇచ్చారు.

ఇలా లోహపు కవాటం పెట్టినవాళ్ళు బతికున్నంతకాలం వార్ఫరిన్ అనే మాత్ర మింగాలి. కవాటం దగ్గర నెత్తురు గడ్డకట్టకుండా ఉంచే మాత్ర అది. డోసు తక్కువైతే గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, ఎక్కువైతే ఎక్కడో ఒకచోట నెత్తురు కారడం మొదలై ఆగదు. సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్షని ఐఎన్ఆర్ అంటాం. వేలికి సూది గుచ్చి ఒక చుక్క మిషన్‌కి ఇస్తే అంకె వస్తుంది. గంగారాంకి అది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. రెండు వారాలకోసారి ఆ చుక్క తీసేది నేనే.

అతనికి ఆ ఉద్యోగం ఎంత ముఖ్యమో మొదటిరోజే చెప్పాడు. ఊరికిపోతే బరువెత్తకూడదు, ఎండలో తిరగకూడదు, ఇక పొలంలో ఏం చేస్తాడు? ఇక్కడైతే ఏసీ స్టోర్లో కూర్చుని నట్లూ బోల్టులూ అందించడమే పని. కొడుకు పాలిటెక్నిక్ చదువు అయిపోవడానికి ఇంకా రెండేళ్ళుంది. సెప్టెంబర్లో వీసా రెన్యువల్. దానికి మా క్లినిక్ నుంచి ఫిట్‌నెస్ లెటర్ కావాలి. అంటే పనికి తగినవాడే, వైద్యానికి సరిగ్గా వస్తున్నాడు అని డాక్టరుగారి సంతకం. ఆ కాగితం మీదే అతని రెండేళ్ళు ఆధారపడి ఉన్నాయి.

రెండోసారి వచ్చింది ఒక గురువారం. గురువారమంటే మాకు జాతరే. మర్నాడు సెలవు కాబట్టి కంపెనీలన్నీ ఆ రోజే బస్సులు తోలతాయి. బయట పాతికమంది నిలబడి ఉన్నారు. నేను మిషన్ వైపు చూస్తున్నాను.

"సిస్టర్, మా అవ్వ మద్దిచెక్క పొడి పంపుత అంటున్నది. గుండెకు మంచిదట. ముందుగాల మిమ్ముల అడుగుమన్నది. తాగొచ్చునా?"

వాళ్ళ వైపు అమ్మని అవ్వ అంటారు. నేను తలెత్తలేదు.

"తాగు, ఏం కాదు. మా నాన్న కూడా తాగేవారు. చెట్టు మందే కదా" అన్నాను. ఆ వెంటనే తరవాతి మనిషిని పిలిచాను.

అబద్ధం కాదు, మా నాన్న నిజంగానే తాగేవారు. తెల్లమద్ది చెట్టు బెరడుని నీడన ఎండబెట్టి, దంచి, పాలల్లో కాచి పొద్దున్నే ఒక గ్లాసు. మా ఇంట్లో అది కాఫీలాంటిదే. గుండె గట్టిపడుతుందని మా నాయనమ్మ కాలం నుంచీ నమ్మకం. నేను నర్సింగ్ చదివినా ఆ నమ్మకం ఒక మూల అలాగే ఉండిపోయింది. తేడా ఏంటంటే మా నాన్న వార్ఫరిన్ మింగేవారు కాదు. ఆ చిన్న ముక్క నాకు ఆ క్షణంలో తట్టలేదు. ఇంకేం కలుపుతారని కూడా అడగలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, పెరటి చెట్టుకి భయపడక్కర్లేదనుకునే నాలాంటివాళ్ళ గురించి సామెత ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ప్రతి విజిట్‌కీ మేం నింపే ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: డాక్టరు రాసినవి కాక వేరే మందులు గానీ, మూలికలు గానీ వాడుతున్నారా? అవును, లేదు అని రెండు గళ్ళు. గురువారం రద్దీ తట్టుకోలేక నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే ఆ రోజు ఫారాలన్నిటికీ "లేదు" దగ్గర టిక్కు కొట్టేసేదాన్ని. మనుషులు ఇంకా బస్సు ఎక్కి ఉండరు, వాళ్ళ తరఫున జవాబు నేనిచ్చేసేదాన్ని. కొత్తగా చేరిన పిల్లలకి కూడా ఈ కిటుకు నేర్పాను, ఎంత టైం కలిసొస్తుందో చూడండి అని.

జూన్‌లో ఊరి నుంచి మొదటి పొట్లం వచ్చింది. తెచ్చింది సాయిలు, గంగారాం ఊరివాడే, అదే క్యాంపు, అదే గది. అదేమీ నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా అంకెలే. జూన్ చివర్లో ఐఎన్ఆర్ నాలుగు దాటింది. డాక్టరుగారు డోసు తగ్గించారు. జులై మధ్యలో ఒక్కసారి రెండు కిందికి పడిపోయింది. పెంచారు. మళ్ళీ కొంచెం తగ్గితే ఇంకాస్త పెంచారు. పొట్లం ఉన్నన్నాళ్ళు అంకె పైకి, అయిపోతే కిందికి. ఇప్పుడు చెబుతుంటే చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. అప్పుడు నాకు ఒకటే అర్థమైంది, ఈ మనిషి మాత్రలు సరిగ్గా మింగడం లేదని.

ఇక నా నోరు లేచింది. గది తలుపు తీసే ఉంది, బయట బెంచీ మీద పదిమంది ఉన్నారు. మాత్రలు మింగుతున్నావా, గోడకేసి కొడుతున్నావా అని అడిగాను. వారం మింగి వారం మానేస్తే నీ కవాటం ఊరుకుంటుందేమో గాని నేను ఊరుకోనన్నాను. బయటివాళ్ళు నవ్వారు. నవ్వుతున్నారు కదాని నేను ఇంకో రెండు అంటించాను. గంగారాం చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు చెప్పినట్టే చేస్తున్న సిస్టర్. ఒక్క పూట గూడ తప్పలే" అన్నాడు.

అందరూ అలాగే అంటారని నేను ఫైల్లో "నాన్ కంప్లయంట్" అని రాశాను. చెప్పినట్టు మందు వాడని మనిషి అని దాని అర్థం. మా వృత్తిలో ఇది చాలా చెడ్డ మాట. ఒకసారి ఫైల్లో పడిందంటే తరవాత చూసే ప్రతి డాక్టరూ మనిషి మొహం చూడకముందే ఆ మాట చూస్తాడు. నేను దాన్ని బాల్‌పెన్‌తో రెండుసార్లు దిద్ది మరీ రాశాను.

ఆగస్టులో రెండో పొట్లం వచ్చింది, మొదటిదానికంటే పెద్దది. అప్పటికి అతని డోసు బాగా పెంచి ఉంది. పది రోజులకి, పొద్దున పది గంటలప్పుడు స్టోర్లో కూర్చున్నవాడికి ముక్కులోంచి నెత్తురు మొదలైంది. గుడ్డ అడ్డం పెట్టుకుని పనిచేస్తూనే ఉన్నాడట. గుడ్డ తడిసింది, చొక్కా తడిసింది, మధ్యాహ్నానికి మూత్రంలో కూడా నెత్తురు పడింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఐఎన్ఆర్ ఏడు దాటి ఉంది. తలలో నెత్తురు కారి ఉంటే మనిషి ఆ సాయంత్రానికే ఉండేవాడు కాదు. ఐదు రోజులు ఆసుపత్రిలో పెట్టి, అంకె దించి, మళ్ళీ మా దగ్గరికి పంపించారు.

డాక్టర్ మాహిర్ నిదానస్తుడు. ఆయన ఒక్కటే మాట చెప్పి పంపారు: ఈసారి వచ్చేటప్పుడు నోట్లోకి పోయేది ఏదున్నా సరే, ఒక సంచీలో వేసుకుని తెమ్మన్నారు. సాయిలు ఆ సంచీ పట్టుకుని గంగారాంతోపాటు వచ్చాడు. డాక్టరుగారు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టించారు. మొదట మాత్రల రేకులు వచ్చాయి. లెక్క చూస్తే ఒక్క మాత్ర ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. తరవాత వాళ్ళ గదిలో గోడకి తగిలించే క్యాలెండరు. జగిత్యాలలో ఏదో బట్టల కొట్టువాళ్ళిచ్చింది. మాత్ర మింగిన ప్రతిరోజూ ఆ తారీఖు మీద పెన్సిల్‌తో గీత ఉంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా గీత లేని రోజు లేదు.

ఆఖర్న ఒక ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. మూత తియ్యగానే గదంతా మా ఇంటి వంటగది వాసన. అంతవరకూ నాకు నిజంగా గుర్తులేదు. ఆ వాసనతో ఏప్రిల్ గురువారం మొత్తం గుర్తొచ్చింది, నేనన్న మాటతో సహా.

ఏంటిదని డాక్టరుగారు అడిగారు. నేను తెలుగులో అడిగాను. మద్దిచెక్క పొడి, అందులో మెంతులు, దాల్చినచెక్క, ఎండబెట్టి దంచిన వెల్లుల్లి కూడా ఉన్నాయని గంగారాం చెప్పాడు. రోజూ పొద్దున, సాయంత్రం రెండు చెంచాలు. నేను ఇంగ్లీషులో చెప్పాను. వీటిలో ఏది ఎంత పనిచేసిందో ఎవరూ చెప్పలేరు గానీ, వార్ఫరిన్ మింగే మనిషి వెల్లుల్లి మందులా తింటే నెత్తురు కారే ప్రమాదం పెరగొచ్చు, మిగతావి కూడా డోసుని తలకిందులు చెయ్యొచ్చు, అంకెలు ఎందుకు ఆడాయో ఇప్పుడు తెలిసిందన్నారు డాక్టరుగారు. ఆయన మొహంలో కోపం లేదు. తెరిపిన పడ్డట్టే ఉన్నారు. తరవాత అడిగారు: ఇది ఎవరు చెబితే మొదలుపెట్టావు? ఇక్కడ మా క్లినిక్‌లో ఎవరికైనా చెప్పావా?

ఆ ప్రశ్నని తెలుగులో చెప్పాల్సింది నేను.

"ఇది ఎవరు తాగమన్నారని అడుగుతున్నారు. ఇక్కడ ఎవరికైనా చెప్పావా అంటున్నారు" అన్నాను.

గంగారాం నా వంక చూశాడు. నిందిస్తున్నట్టు కూడా చూడలేదు, ఊరికే చూశాడు. తరవాత డబ్బా మూత బిగించాడు.

"మా అవ్వ పంపింది. ఈడ ఎవ్వలకు చెప్పలే."

నేను డాక్టరుగారి వైపు తిరిగి, వాళ్ళమ్మ పంపిందట, ఇక్కడ ఎవరికీ చెప్పలేదట అని ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను. పదేళ్ళ సర్వీసులో అంత శుభ్రంగా నేను ఏ మాటా అనువదించి ఉండను.

అది సెప్టెంబరు మొదటివారం. కంపెనీకి వెళ్ళాల్సిన లెటర్ ఆ రోజే టైప్ అయింది. రోగి క్లినిక్‌కి చెప్పకుండా సొంత మూలికలు వాడాడని, ఇంతకుముందు కూడా మందుల విషయంలో నమ్మకంగా లేడని ఫైల్లో ఉందని, ఇలాంటి మనిషికి పనిచోట ప్రమాదం జరగవచ్చని. ఆ "ఇంతకుముందు" నేను దిద్ది రాసిన మాటే. ప్రింట్ తీసి, స్టాంపు వేసి, కవర్లో పెట్టింది కూడా నేనే.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మావారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఇప్పుడు నోరు విప్పితే నీ లైసెన్సు పోతుంది, మనిషి ఎలాగూ బతికాడు కదా, వదిలేయమన్నారు. ఆయన్ని అనడానికేముంది, నాకు కావలసిన మాటే ఆయనన్నారు. పదకొండు రోజులు తేలుకుట్టిన దొంగలా తిరిగాను. డ్యూటీకి వెళ్ళడం, నవ్వడం, టిక్కులు పెట్టడం, అన్నం కూడా బాగానే తిన్నాను. ఆ తిన్నందుకే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదకొండో రోజు సాయిలు తన బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. బీపీ బాగా ఎక్కువుంది. ఏమైనా పసరులూ పొడులూ వాడుతున్నావా అని అడిగాను, నిజంగానే అడిగాను. ఏమీ లేదన్నాడు. చొక్కా జేబులో కాగితం పొట్లం ఉబ్బి కనబడుతోంది. అదేంటి అంటే చేత్తో మూసుకున్నాడు. గట్టిగా అడిగేసరికి తల దించుకుని చెప్పాడు.

"గంగారాం చెప్పిండు సిస్టర్. ఆమెను ఏం అడుగొద్దు, ఆమెకు ఏం చెప్పొద్దు, మనం అడిగితే ఆమె నౌకరి మీదికొస్తది అన్నడు. ఆమె పోతే ఈడ మన తెలుగోళ్ల మాట డాక్టరుకు చెప్పెటోళ్లు ఎవ్వలుంటరన్నడు."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను నా ఉద్యోగం కోసం నోరు మూసుకుంటే, గంగారాం కూడా నా ఉద్యోగం కోసమే నోరు మూసుకున్నాడు. పైగా క్యాంపులో అందరి నోళ్ళూ మూయించాడు. రేపు ఇంకొకడు డబ్బా దాచుకుని ఇదే నెత్తురు కక్కుకుంటే? సాయిలు చేతికి బీపీ పట్టీ అలాగే ఉంది, నేను లేచి డాక్టరుగారి గదికి వెళ్ళాను.

చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఏప్రిల్లో అతను అడిగాడు, నేను తాగమన్నాను, ఫారంలో అడగకుండానే లేదని టిక్కు పెట్టాను, ఒక్క ఫారం కాదు అన్నిటికీ. డాక్టర్ మాహిర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన తిడతారనుకున్నాను. ఆయన ఒక్క మాటే అన్నారు: డబ్బా తెరిచిన రోజు నాకూ అతనికీ మధ్య కూర్చుని మాట చెప్పింది నువ్వే కదా, సిస్టర్.

తిట్టుంటే బాగుండేది. నిలబడ్డచోటే ఏడ్చాను. ఆయన టిష్యూ కాగితాల పెట్టెతోపాటు ఒక ఖాళీ ఫారం నా వైపు జరిపారు. దాన్ని ఇన్సిడెంట్ రిపోర్ట్ అంటాం. పనిలో జరిగిన పొరపాటుని దాచకుండా రాసి పైకి పంపే కాగితం. నా చేత్తోనే రాయమన్నారు. "రోగికి ఈ సలహా ఇచ్చినది నేనే" అన్న వాక్యం దగ్గర కలం ఆగింది, మళ్ళీ రాశాను. ఫైల్లో నాన్ కంప్లయంట్ అన్న మాట మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన తప్పు నమోదు అని రాసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రమే కంపెనీకి రెండో లెటర్ వెళ్ళింది, ఇతను మందు క్రమంగా వాడే మనిషి, పనికి తగినవాడు అని.

ఆలస్యమైపోయింది. మొదటి లెటర్ చూసి వాళ్ళు వీసా క్యాన్సిల్‌కి పెట్టేశారు. స్టోర్లో అప్పటికే వేరే మనిషిని కూర్చోబెట్టారు. డాక్టరుగారు స్వయంగా ఫోన్ చేశారు, నేను క్యాంప్ బాస్‌ని బతిమాలాను. పేపర్ చలా గయా సిస్టర్, ఖలాస్ అన్నాడతను, కాగితం వెళ్ళిపోయింది, ఇక అయిపోయిందని. ఆ పదకొండు రోజుల్లో ఏ ఒక్కరోజు నేను నోరు విప్పినా ఆ కాగితం ఆగేది. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది, మూడు నెలలు నా ఫారాలన్నీ ఇంకొకరు సరిచూశారు. లైసెన్సు పోలేదు. ఏది పోతుందని భయపడి నోరు మూసుకున్నానో అది నాకు మిగిలింది, అతనిది పోయింది.

ఈ కేసు ఏం నేర్పిందో చెప్పడం తేలికే. ఇప్పుడు నా బల్ల మీద ముందే టిక్కు పెట్టిన ఫారం ఒక్కటి ఉండదు. "వేరే మందులు వాడుతున్నారా" అని అడగడం మానేశాను. అలా అడిగితే ఎవరైనా లేదనే అంటారు, ఎందుకంటే అమ్మ పంపింది ఎవరికీ మందులా అనిపించదు. పొద్దున లేవగానే ఏం తాగుతారు, ఊరి నుంచి ఎవరైనా వస్తే ఏం తెప్పించుకుంటారు, గుండెకి మంచిదని మీ ఇంట్లో ఏం పెడతారు అని అడుగుతాను. అప్పుడు వస్తాయి డబ్బాలన్నీ. ఈజిప్టు డ్రైవరు కర్కదే అంటాడు, అది ఎర్రగోంగూర పువ్వులాంటిదాన్ని మరిగించిన కషాయం. సూడాన్ వాళ్ళు నల్లజీలకర్ర నూనె అంటారు. కేరళవాళ్ళు మన మద్దిచెక్కనే వాళ్ళ పేరుతో చెబుతారు. ఎవరినీ చూసి నవ్వను, ఎవరినీ తిట్టను. మంచిదో చెడ్డదో నేను చెప్పను కూడా. రాసుకుంటాను, డాక్టరుగారికి చూపిస్తాను, ఆయన చెప్పేదాకా డబ్బా మూత తియ్యొద్దంటాను. కుళాయి తిప్పినంత తేలిగ్గా మాట అనేసే అలవాటు నాకు ఇంకా ఉంది గానీ, ఈ విషయంలో మాత్రం పోయింది.

కానీ గంగారాం వెళ్ళేముందు ఇంకొకటి జరిగింది. అది నాకు పాఠంలా లేదు, శిక్షలా ఉంది.

ఫైలు కాపీలు తీసుకోవడానికి అతను ఆఖరిసారి వచ్చాడు. జగిత్యాలలో పరీక్ష ఎక్కడ చేస్తారో, ఏ లక్షణం కనబడితే పరుగెత్తాలో అన్నీ తెలుగులో రాసిచ్చాను. తలుపు తెరిచే ఉంచి, బెంచీ మీదివాళ్ళందరికీ వినబడేలా తప్పు నాదని చెప్పాను. తిట్టింది అందరి ముందైతే క్షమాపణ తలుపేసుకుని చెప్పడం న్యాయం కాదనిపించింది. గంగారాం కాసేపు కాగితాలు సర్దుకున్నాడు.

"మద్దిచెక్కకు నాకు కోపం రాలే సిస్టర్, మీరు మంచికే చెప్పిన్రు. గోలీలు మింగుతలేవని పదిమందిల తిట్టిన్రు చూడు, ఆనాడు మాత్రం కోపమొచ్చింది" అన్నాడు.

తలూపాను. అప్పుడు అతను ఒక సాయం అడిగాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాళ్ళవ్వకి ఒక అబద్ధం చెప్పాడట. సిస్టర్‌ని అడగనేలేదని, అంతకుముందు అడిగానన్నది ఊరికే చెప్పానని. నిజం చెబితే ఆమె ఊరంతా చెబుతుంది, ఊళ్ళో మాట క్యాంపుకి వస్తుంది, క్యాంపులో మాట క్లినిక్‌కి వస్తుంది, అందుకని. అప్పటినుంచీ ఆ ముసలామె సరిగ్గా తినడం లేదు. నా చేతులతో దంచి నా కొడుకు మీదికే తెచ్చుకున్నానని ఏడుస్తోంది. ఒక్కసారి మీరు మాట్లాడతారా అని ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"ఎవ్వలూ? దుబాయ్ సిస్టరమ్మవా?" అందావిడ. వాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే. గొంతు బాగా నీరసంగా ఉంది.

నేను చెప్పాను. మీ అబ్బాయి నన్ను అడిగాడమ్మా. మీరు అడగమన్నట్టే ముందు నన్నే అడిగాడు. తాగమన్నది నేనే. ఏమేం కలుపుతారని కనుక్కోకుండా, అతను మింగే మాత్ర సంగతి ఆలోచించకుండా చెప్పేశాను. తప్పు మీ చెక్కది కాదు, మీ చేతులది కాదు, నాది.



"అయితే అడిగిన అన్ననాడు నా కొడుకు నాకు అబద్ధం చెప్పలే" అంది.

"లేదమ్మా. అడిగాడు. నిజమే చెప్పాడు."

తరవాత తిట్టకుండా, గొంతు పెంచకుండా, ఇంట్లో కూతుర్ని అడిగినట్టు అడిగింది.

"గీ మాట వాడు దవాఖాన్ల పడ్డనాడే చెప్తే ఏమైతుండె బిడ్డా? ఇన్ని దినాలు వాన్ని అబద్ధాలకోరు అనుకుంట, నన్ను నేను తిట్టుకుంట ఏడ్సిన."

ఏమవుతుండేదో నాకు తెలుసు. డబ్బా మూత తీసిననాడే చెప్పినా నాకు ఏమీ అయ్యేది కాదు, ఒక వార్నింగ్ లెటర్ వచ్చేది. ఆ మాట ఆవిడతో అనలేక ఫోన్ గంగారాం చేతికి ఇచ్చేశాను.